పాత మాక్రో లెన్సు కొంటున్నరా? ఎఫ్‌/11 కాడ చూడకుండ పైసలియ్యకుండ్రి

మన పాలమూరు కెమెరా గ్రూపులల్ల పాత లెన్సులు అమ్మే ఆయన ఎవరో మీకందరికి తెలుసు, పేరు రాస్తలేను. ఆయన దగ్గర 100 ఎంఎం ఎఫ్‌/2.8 మాక్రో (అతి దగ్గరికెల్లి చిన్న వాటిని తీసే లెన్సు) 24,000కు కొన్న. ఇయ్యాల్టికి నాలుగో రోజు. లోపల ఎపర్చర్ రెక్కల (వెలుతురు వచ్చే రంధ్రాన్ని చిన్నగ, పెద్దగ చేసే పలచటి రేకుల) మీదికి నూనె దిగింది. అది దాచిపెట్టి అమ్మిండు.

ఇంట్ల కూసోవెట్టి ఎఫ్‌/2.8లో గడియారం తీసి చూపించిండు, మందార పువ్వు తీసి చూపించిండు. రెండూ మంచిగనే వచ్చినయి. ఎందుకు రావు, ఎఫ్‌/2.8 కాడ రంధ్రం పూర్తిగ తెరిచే ఉంటది, రెక్కలు కదిలే పనే ఉండదు. ఎఫ్ పక్క అంకె పెరిగినకొద్ది ఆ రంధ్రం చిన్నగైతది. కప్పల ఫొటోలు తీసేటోళ్లకు కావాల్సింది ఎఫ్‌/11, ఎఫ్‌/16. రెండున్నర సెంటీమీటర్ల కప్పను 1:1లో (అసలు సైజే సెన్సర్ మీద పడేటట్టు) తీస్తే ఎఫ్‌/2.8కు అర మిల్లీమీటరు గూడ ఫోకస్‌ల ఉండదు, ఎఫ్‌/11కు మిల్లీమీటరు దాటుతది. ఆ కొంచెంలనే కన్నూ ముక్కూ రెండూ పట్టాలె. ఇది తెలిసుండి గూడ ఆయన ముందట ఎఫ్‌/11 పెట్టి ఒక్క ఫొటో తియ్యలేదు. ఆ తప్పు నాదే.

మొదటి గట్టి వాన పడ్డ రాత్రి అచ్చంపేట దిక్కు చేన్ల గట్ల కాడ బయటపడ్డది. వీపు మీద ఎర్ర నారింజ మచ్చలుండే గుండ్రటి కప్పలు ఆ ఒకటి రెండు రాత్రులే గుంతలల్లకు వచ్చి అరుస్తయి, మళ్ల ఏడాది దాకా దొరకవు. ఎఫ్‌/11, షట్టర్ 1/200 సెకను, ఫ్లాష్ బలం 1/8 పెట్టిన. మొదటి ఫొటోల మచ్చలన్ని తెల్లగ కాలిపోయినయి. ఫ్లాష్ 1/32కు తగ్గిస్తే తర్వాతది నల్లగ వచ్చింది, దాని తర్వాతది మళ్ల తెలుపు. ఫ్లాష్ బ్యాటరీలే పోయినయనుకొని మార్చిన. మిర్రర్ కెమెరాల (డీఎస్ఎల్ఆర్) మనం చూస్తున్నంతసేపు రెక్కలు పూర్తిగ తెరిచే ఉంటయి, బటన్ నొక్కినంక షట్టర్ తెరిచే లోపల మూసుకోవాలె. నూనె అంటిన రెక్కలు ఒకసారి మూసుకుంటయి, ఒకసారి మూసుకోవు. ఎఫ్‌/11 బదులు ఎఫ్‌/2.8 కాడనే ఆగితే వెలుతురు 16 రెట్లు ఎక్కువ పడతది. కారణం దొరికేసరికి ఆ మగ కప్ప మీద పదిహేను ఫ్లాషులు పడ్డయి. అది అరుపు ఆపి బురదలకు పోయింది. పైసల కన్న అదే ఎక్కువ బాధ.

తెల్లారి ఫోన్ చేసిన. “అన్నా, ఎపర్చర్ పట్టుకుంటుంది” అన్న. ఆయన జవాబు: “తమ్మీ, నేనిచ్చినప్పుడు మంచిగనే ఉండె. వానల కప్పల ఎంబడి తిరిగితే ఏ లెన్సైనా ఆగుతదా?”

ఈ మాటనే నాకు ఇప్పటికీ మింగుడు పడ్తలేదు. వాన నీళ్లు పోతే లోపల అద్దానికి ఆవిరి పడతది, మెల్లగ ఫంగస్ వస్తది. రెక్కలకు నూనె రాదు. పాత గ్రీజు ఎండ వేడికి కరిగితే అందులకెల్లి నూనె విడిచి రెక్కల మీదికి పాకుతది. ఒక్క రాత్రి వానల అయ్యే పని కాదిది. ఇరవై ఏండ్లుగా లెన్సులు అమ్మేటాయనకు ఇది తెల్వదా? తెల్సే అన్నడు. రెక్కలు నూనెతో మెరుస్తున్న ఫొటో పంపిన, చూసి నంబరు బ్లాక్ చేసిండు.

కొనేముందు ఇవి చెయ్యిండ్రి. పొద్దుగాల తెల్ల గోడ ముందట, మాన్యువల్ మోడ్‌ల, ఐఎస్‌ఓ మార్చకుండ మూడు ఫొటోలు: ఎఫ్‌/2.8కు 1/800, ఎఫ్‌/5.6కు 1/200, ఎఫ్‌/11కు 1/50. మూడింటి వెలుతురు ఒక్కతీరు ఉండాలె. మూడోది తెల్లగుంటే రెక్కలు మూసుకుంటలేవు. ట్యూబ్‌లైట్ కింద చెయ్యకుండ్రి, దాని మినుకుతోని లెక్క తప్పుతది. ఎఫ్‌/11లనే వరుసగ పది తియ్యిండ్రి, ఎందుకంటే ఈ రోగం ఒకసారి కనపడి ఒకసారి దాస్కుంటది. ఎఫ్‌/11 పెట్టి డెప్త్ ప్రివ్యూ బటన్ (ఫొటో తియ్యకుండనే రెక్కలను మూసేది) నొక్కి పట్టుకొని ముందుకెల్లి టార్చ్ కొడితే రెక్కలు పొడిగ, మసక నలుపుల కనపడాలె. తడిగ మెరిస్తే వద్దు. అదే టార్చ్‌తోని అద్దాలల్ల సాలెగూడు తీరు పోగులు చూడుండ్రి, అవి ఫంగస్. చుక్కలైతే దుమ్ము, దానికి భయం లేదు.

ఇంకోటి, మాక్రో అని పేరు రాసున్న లెన్సన్ని 1:1 కావు. స్కేలును అన్నిట్ల దగ్గరి ఫోకస్‌ల తియ్యిండ్రి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాల అడ్డంగ 36 మిల్లీమీటర్లు, చిన్న సెన్సర్ (ఏపీఎస్-సీ) కెమెరాల 22 నుంచి 24 కనపడితే అది 1:1. అంతకు రెట్టింపు కనపడితే సగమే, చిన్న కప్పకు సరిపోదు.