కుక్కకు గడ్డ: కత్తి మేలా, సూది మేలా?

మా రాణి పొట్ట నిమురుతుంటే, వెనక కాళ్ల దగ్గరి చన్ను పక్కన సెనగగింజంత గట్టిగా ఒకటి వేలికి తగిలింది. తొమ్మిదేళ్ల స్పిట్జ్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. ఒక క్లినిక్‌లో చూపిస్తే "కొవ్వు గడ్డే, చూద్దాం లెండి" అన్నారు. మేమూ ఊరుకున్నాం. మూడు నెలల్లో అది ఉసిరికాయంత అయింది.

అదే వేసవిలో మా పెదవాల్తేరు వీధిలో తిరిగే నల్లపిల్ల అనే ఆడకుక్కకి వెనక నుంచి రక్తం చుక్కలు పడటం మొదలైంది. చేపలు అమ్మే అప్పమ్మే ముందు చూసింది. "ఏటి బాబూ, ఎదకొచ్చిందనుకున్నాను గానీ, నెల దాటినా రకతం ఆగలేదేటి?" అంది.

రెండూ క్యాన్సర్ గడ్డలే. రాణికి కత్తి మేలైంది, నల్లపిల్లకి సూది, అంటే క్యాన్సర్ కణాలను చంపే కీమో ఇంజెక్షన్, మేలైంది. దానికి చేసింది దీనికి, దీనికి చేసింది దానికి చేసి ఉంటే రెండు ప్రాణాలూ ఇబ్బందిలో పడేవి. అందుకే "ఆపరేషనా, కీమోనా?" అని అడిగినవాళ్లకి నేను చెప్పే మొదటి మాట, గడ్డ పేరు తెలుసుకోండి అని. సన్న సూదితో కొన్ని కణాలు లాగి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూస్తారు. చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. చేత్తో నొక్కి చూసి కొవ్వు గడ్డ అని తేల్చేయడం పరీక్ష కాదు.

ముందు రాణి సంగతి. ఆడకుక్కల చన్ను గడ్డల్లో దాదాపు సగం చెడ్డవే. వీటికి కోసి తీసేయడమే అసలు వైద్యం. కీమో తోడైతే ఎంత మేలన్నది ఇంకా గట్టిగా తేలలేదు, కాబట్టి ఆపరేషన్ తప్పించుకోవడానికి కీమో అడగడంలో అర్థం లేదు. పరిమాణం మీద చాలా ఆధారపడి ఉంటుంది: 3 సెంటీమీటర్ల లోపు గడ్డ తీయించుకున్న కుక్కలు, అంతకన్నా పెద్దది తీయించుకున్నవాటి కన్నా బాగా బతుకుతాయి. రాణిది 3కు కొంచెం లోపు. ఊరుకున్న ఆ మూడు నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

కోసే ముందు ఛాతీకి మూడు వైపుల నుంచి ఎక్స్‌రే తీయించాలి, గజ్జల్లోని గ్రంథులు చూడాలి. ఊపిరితిత్తుల్లో అప్పటికే మచ్చలుంటే గడ్డ కోసినా జబ్బు లోపలే ఉంటుంది. గడ్డ చుట్టూ చర్మమంతా ఎర్రగా, వేడిగా, ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉంటే అది వేరే రకం, దానికి కత్తి పెట్టకపోవడమే మంచిది. రాణికి చివరి రెండు చన్నులూ గడ్డతో పాటు తీశారు, గర్భసంచి కూడా అప్పుడే. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో పెట్టించి బయాప్సీకి పంపాం. దయచేసి ఆ ముక్క పారేయనివ్వకండి. అది ఏ రకమో, అంచుల్లో ఏమైనా మిగిలిందో చెప్పేది ఆ రిపోర్టే. మన వైజాగ్ ఉక్కపోతకి కుట్లు తడిగా ఉండిపోతాయని పన్నెండు రోజులూ ఫ్యాన్ కిందే పడుకోబెట్టాం. నాకకుండా మా అబ్బాయి పాత బనీనుకి కాళ్ల కోసం కన్నాలు చేసి తొడిగాం.

ఇక నల్లపిల్ల. దాని గడ్డ కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకుని, ముట్టుకుంటే రక్తం వచ్చేలా ఉంది. డాక్టరుగారు గాజు పలకను దాని మీద అద్ది, నన్నూ మైక్రోస్కోప్‌లో చూడమన్నారు. గుండ్రటి కణాలు, ఒక్కోదాని అంచున ముత్యాల వరసలా బుడగలు. టీవీటీ, అంటే కుక్కల మధ్య అంటుకునే క్యాన్సర్ గడ్డ, అన్నారు. జత కట్టినప్పుడు, వాసన చూసినప్పుడు, నాకినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి క్యాన్సర్ కణాలే అంటుకుంటాయి. వేల ఏళ్ల కిందటి ఒకే కుక్క ఒంట్లో పుట్టిన కణాలు ఇలా ఇప్పటికీ బతుకుతున్నాయట, నాకు ఒళ్లు జలదరించింది. మనుషులకు మాత్రం అంటదు. దీన్ని కోస్తే మళ్లీ మొలిచే అవకాశం ఎక్కువ. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి, మామూలుగా నాలుగు నుంచి ఆరు వేస్తే చాలా కుక్కలకి పూర్తిగా తగ్గిపోతుంది.

ఈ మందు మన పెరళ్లలో గులాబీ రంగులోనూ తెల్లగానూ పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. అలాగని ఆకు రసం పొయ్యకండి, అది విషం. ఇంజెక్షన్ కూడా రక్తనాళంలోకే పోవాలి. చుక్క పక్కకు కారినా అక్కడి కండ కుళ్లుతుంది. ప్రతి వారం ముందు రక్తపరీక్ష చేయాలి. మూడో వారం నల్లపిల్లకి తెల్లకణాలు పడిపోయాయి, ఒక వారం ఆపారు. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు దాని మలమూత్రాలు గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు, గర్భిణులైతే దగ్గరికే వెళ్లొద్దు.

ఖర్చులో సూదిదే తక్కువ. శ్రమలో మాత్రం ఎక్కువ. ఆపరేషన్ ఒక్క రోజు భయం. వీధికుక్కని వారం వారం పెరుగన్నం పెట్టి మచ్చిక చేసి, మూతికి గుడ్డ కట్టి ఆటోలో ఎక్కించడానికి ఇద్దరు మనుషులుండాలి. మధ్యలో ఆపేస్తే పనికిరాదు.

దవడ కింద, మోకాళ్ల వెనక గ్రంథులు ఉబ్బితే లింఫోమా, అంటే ఆ గ్రంథుల క్యాన్సర్, అనుమానించాలి. అక్కడ ఉన్న పోటీ స్టెరాయిడ్ మాత్రలకూ, నాలుగు మందుల కీమోకూ మధ్య. మాత్రలతో సాధారణంగా ఒకటి రెండు నెలలు, కీమోతో ఏడాది దాకా బతుకుతాయి. పరీక్ష కాకముందే మాత్రలు మొదలుపెడితే జబ్బు గుర్తుపట్టడం కష్టమవుతుంది, తర్వాత కీమో కూడా సరిగా పట్టదు. ఖర్చు భరించలేక మాత్రలతోనే ప్రశాంతంగా సాగనంపినవాళ్లనీ నేను తప్పు పట్టను.

చిన్నప్పుడే, మొదటి ఎదకు ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కలకి చన్ను క్యాన్సర్ చాలా అరుదు. రాణి విషయంలో మాకు ఆ సంగతి తెలియలేదు. మొన్న దాని రెండో ఎక్స్‌రే తీయించాం, ఊపిరితిత్తులు తేటగా ఉన్నాయి. నల్లపిల్లకి ఐదో ఇంజెక్షన్‌కే గడ్డ కరిగిపోయింది, గర్భసంచి కూడా తీయించాం. పొద్దున్నే అప్పమ్మ తట్ట దించగానే వచ్చి ఆమె పక్కన కూర్చుంటోంది.