ముందు చక్రాల బేరింగులు పోయాయనగానే మార్పించేయకండి

మీ కారు ముందు చక్రాల బేరింగులు (చక్రం సాఫీగా తిరగడానికి మధ్యలో ఉండే, లోపల ఉక్కు గుళ్లున్న రింగులు) మార్చాలని ఎవరైనా చెప్పారా? ఒప్పుకునే ముందు ఇది ఒకసారి చదవండి. నేను రెండు వైపులా అవసరం లేకుండా మార్పించాను. రెండు నెలలు తిరక్కుండానే, కొత్తగా వేసినవాటిలో ఒకటి పోయింది.

60 కిలోమీటర్ల వేగం దాటగానే ముందు నుంచి 'ఊఁ' అని ఒక మోత వచ్చేది. వేగం పెరిగేకొద్దీ పెరిగేది. అద్దాలన్నీ ఎత్తేసినా వినిపించేది. వర్క్‌షాపులో ఒక కుర్రాడు బండిని గేటు దాకా తీసుకెళ్లి తెచ్చి, "రెండు బేరింగులూ పోయాయి సార్, ఈ రీడింగ్‌కి మామూలే. ఇలాగే తిప్పితే చక్రం ఊడిపోతుంది" అన్నాడు. బండిని జాకీ మీద ఎత్తనైనా ఎత్తలేదు. ఇంట్లో పిల్లలు తిరిగే బండి కదా, చక్రం ఊడిపోతుందనే మాట వినగానే టెన్షన్‌తో సరే అనేశాను.

సాయంత్రం బండి తీసుకుని రోడ్డెక్కితే అదే మోత. తిరిగి వెళ్లి అడిగితే, "కొత్తవి కదా, సెట్ అవ్వాలి, కొన్నాళ్లు తిప్పండి" అన్నారు. ఈ మాట దగ్గర జాగ్రత్తగా ఉండండి. సీల్ చేసి వచ్చే వీల్ బేరింగు మొదటి కిలోమీటరు నుంచే నిశ్శబ్దంగా తిరగాలి. అరిగి సర్దుకోవడానికి అందులో ఏమీ ఉండదు.

చివరికి అసలు సంగతి పట్టుకున్నది వేరే చోట ఒక పెద్దాయన. ఆయన ఇంజన్ కూడా స్టార్ట్ చేయలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి నిమిరారు. తర్వాత నా చెయ్యి పెట్టించారు. ఒక వైపుకి నున్నగా జారింది, రెండో వైపుకి రంపం పళ్లలా తగిలింది. వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు ఉండాల్సిన కోణాలు) తప్పడం వల్ల టైర్లు మెట్లు మెట్లుగా అరిగాయట. ఒకే వైపున ముందు టైరుని వెనక్కి, వెనకదాన్ని ముందుకి మార్చి నడిపి చూశాం. మోత వెనక్కి వెళ్లిపోయింది! బేరింగుదే అయితే ముందే ఉండిపోవాలి కదా. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే నేను అసలు మోసపోయేవాణ్ణి కాదు.

ఇక నిజంగా బేరింగే అయితే ఎలా తెలుస్తుంది? ముందుగా, ఆ మోత ఇంజన్‌తో కాదు, చక్రంతో నడుస్తుంది. వేగంలో ఉండగా క్లచ్ నొక్కి ఇంజన్ చప్పుడు తగ్గించినా మోత అలాగే ఉంటుంది. తర్వాత, ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఎడమకి, కుడికి వంపులు తిప్పండి. ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగి, కుడికి తిరిగితే తగ్గితే, అనుమానం కుడి బేరింగు మీద. మలుపులో టకటకమంటే మాత్రం అది బేరింగు కాదు, ఎక్కువ సార్లు ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే యాక్సిల్ జాయింటే.

బండి ఎత్తినప్పుడు పక్కనే నిలబడండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టించండి. గడియారంలో 12, 6 ఉండే చోట టైరుని రెండు చేతులతో పట్టుకుని ఊపితే ప్లే, అంటే వదులు, తెలుస్తుంది. అలా ప్లే ఉన్నంత మాత్రాన బేరింగే అనుకోకండి. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. ప్లే పోతే బేరింగు, పోకపోతే సస్పెన్షన్‌లో ఉండే బాల్ జాయింటు లాంటిది ఇంకేదో. న్యూట్రల్‌లో పెట్టి ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచండి. బేరింగు పాడైతే లోపల ఇసుక నలుగుతున్నట్టు స్ప్రింగులో తెలుస్తుంది. ప్లే రాకుండానే మోత మొదలయ్యే బేరింగులు చాలా ఉంటాయి, అందుకే స్ప్రింగు పరీక్ష మానకండి.

కిలోమీటర్ల రీడింగ్ చూసి మార్చే వస్తువు కాదిది. చాలా బండ్లలో లక్ష కిలోమీటర్లు దాటినా బాగానే ఉంటాయి. పెద్ద గుంతలో దబ్బున పడ్డా, లోతు నీళ్లలో నడిపినా ముందే పోవచ్చు. ఒకవైపు పోయిందని రెండో వైపు కూడా మార్చాలన్న నియమం లేదు. రెండోదాన్ని విడిగా పరీక్షించి చూపించమనండి.

నా కథ అక్కడితో ఆగలేదు. కొత్త టైర్లు వేయించి, అలైన్‌మెంట్ చేయించాక బండి నిశ్శబ్దమైంది. కొన్ని వారాలకి కుడివైపు నుంచి ఈసారి నిజమైన గరగర మొదలైంది, ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లైటు కూడా వెలిగి ఆరుతూ ఉండేది. పెద్దాయన విప్పి చూపించారు. బేరింగు అంచు మీద వరసగా సుత్తి దెబ్బల గుర్తులు! దాన్ని ప్రెస్ (సమానంగా ఒత్తి దించే యంత్రం) మీద పెట్టి, బయటి రింగు మీద ఒత్తి దించాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా లోపలి ఉక్కు గుళ్ల మీదుగా వెళ్లి, అవి తిరిగే దారిలో సొట్టలు పడతాయి. ఆ రోజుకి ఏమీ తెలియదు, తర్వాత మోత వస్తుంది. ప్లే పెరిగి ఏబీఎస్ సెన్సర్‌కి, బేరింగు సీలులో ఉండే అయస్కాంతపు రింగుకి మధ్య ఎడం మారుతుండటంతో లైటు కూడా వెలిగింది. ఆ రింగు ఉండే వైపుని తిరగేసి బిగించినా లైటు వెలుగుతుంది.

అందుకే బండి అప్పజెప్పే ముందే ప్రెస్ ఉందా, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) ఉందా అని అడగండి. చక్రం మధ్యలో ఉండే యాక్సిల్ నట్టు కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించాలి, నట్లు బిగించే గన్‌తో కొట్టి వదిలేయకూడదు. కొత్త బేరింగు డబ్బా మీ ముందే విప్పమనండి, డూప్లికేట్లు బాగా తిరుగుతున్నాయి. పాతవి తప్పకుండా తీసుకోండి. నేను అడిగేసరికి "పారేశాం" అన్నారు. అవి చేతిలో ఉంటే నిక్షేపంలా తిరిగేవని అక్కడే తిప్పి చూపించేవాణ్ణి.

ఇదంతా చదివి నిజంగా పోయిన బేరింగుతో మాత్రం తిరగకండి. ప్లే వచ్చినా, గరగరమంటున్నా, బ్రేకు పెడల్ మామూలు కన్నా లోతుకి వెళ్తున్నా, ఆ వారం ప్రయాణాలు మానుకుని మార్పించండి. అక్కడ ఆ కుర్రాడు చెప్పింది నిజమే, చక్రం ఊడే ప్రమాదం ఉంది.

నా బండిలో కుడివైపు ఇప్పుడు సరిగ్గా ఉంది. ఎడమ వైపుది కూడా ఆ వర్క్‌షాపు వాళ్లు దించిందే కాబట్టి, నెలకోసారి జాకీ ఎత్తి స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను.