ఈవ్ ఆన్‌లైన్‌లో కొట్లాట: ఒంటరిగానా, గ్యాంగ్‌తోనా, ఫ్లీట్‌లోనా?

బెంగళూరు రింగురోడ్డు ట్రాఫిక్‌లోంచి బయటపడి, మెస్‌లో భోంచేసి, సిస్టమ్ ముందు కూర్చునేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. అంతరిక్ష ఓడలతో ఆడే ఈవ్ ఆన్‌లైన్ గేమ్ యూటీసీ టైమ్ మీద నడుస్తుంది కాబట్టి అందులో అప్పటికి సాయంత్రం నాలుగే. యూరప్‌వాళ్లు పనులన్నీ ముగించుకుని తీరిగ్గా కూర్చునే వేళకి మనకి అర్ధరాత్రి. ఏ రకం పీవీపీ (ఆటగాళ్లు ఒకరితో ఒకరు కొట్లాడడం) మేలని ఎవరైనా అడిగితే నేను ఓడల గురించి కాదు, ముందు ఈ టైమ్ గురించే చెప్తాను. రోజువారీ మెయింటెనెన్స్ మాత్రం మన టైమ్‌లో సాయంత్రం నాలుగున్నరకి వస్తుంది. ఆ టైమ్‌కి ఎలాగూ ఆఫీసులోనే ఉంటాం.

పింగ్ గురించి కంగారు అక్కర్లేదు. సర్వర్ లండన్‌లో ఉన్నా, ఆట లెక్కలన్నీ సెకనుకోసారి జరుగుతాయి. షూటర్ గేముల్లో ప్రాణం తీసే ఆలస్యాన్ని ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. భయపడాల్సింది కరెంటుకి. ఫైట్ మొదలయ్యాక కనెక్షన్ పోతే ఓడ వెంటనే మాయమవదు. పీవీపీ టైమర్ 15 నిమిషాలు ఉంటుంది, అది అయ్యేదాకా నడిపేవాడు లేకుండా అంతరిక్షంలోనే పడి ఉంటుంది. ఒకసారి పేలిన ఓడ మళ్లీ రాదు కూడా, ఇంకోటి కొనుక్కోవాల్సిందే. మా మారతహళ్లి పీజీలో కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైటూ ఫ్యానూ తిరుగుతాయి, వైఫై మాత్రం ఉండదు. అందుకే ఓడ కన్నా ముందు రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొనమంటాను.

ఇక పేరు మోగేవన్నీ పెద్ద ఫ్లీట్ (ఓడల దండు) యుద్ధాలే. 2014 జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అనే నక్షత్ర వ్యవస్థలో (ఆటలో సిస్టమ్ అంటారు), దాని మీద హక్కు నిలబెట్టుకోవడానికి కట్టాల్సిన బిల్లు కట్టకపోవడంతో మొదలైన గొడవ 21 గంటలు సాగింది. 75 టైటాన్లు, అంటే ఆటలోకెల్లా పెద్ద ఓడలు, బూడిదయ్యాయి. అది చదివే చాలామంది ఈ ఆటలోకి వస్తారు. వచ్చాక అసలు సంగతి తెలుస్తుంది. జనం ఎక్కువైతే సర్వర్ కుప్పకూలకుండా ఆటలో కాలాన్నే నెమ్మది చేస్తారు, టైడీ అంటారు దాన్ని. అది పది శాతానికి దిగితే, పది సెకన్లకోసారి పేలాల్సిన తుపాకీ నూరు సెకన్లకి పేలుతుంది. ఫ్లీట్‌ని నడిపించే ఎఫ్‌సీ 'ప్రైమరీ' (ముందు కొట్టాల్సినవాడు) అని ఒక పేరు చెప్తాడు, లాక్ చేసి ఎఫ్1 నొక్కాలి. తర్వాత ఇంకో పేరు. అందులో మన పాత్ర ఊరేగింపులో వెనకవరస డప్పు లాంటిది, లేకపోయినా ఎవరికీ తెలియదు.

లాభాలు లేవనను. పోయిన ఓడకి కూటమే డబ్బిస్తుంది. ఏ ఓడ తేవాలో, దానికి ఏం బిగించాలో వాళ్లే చెప్తారు. పక్కన వెయ్యిమంది ఉన్నారన్న ఊపు వేరే చోట దొరకదు. కానీ అవతలివాళ్ల స్థావరం మీద దాడికి వీలిచ్చే టైమర్ ఎప్పుడు ముగుస్తుందో మన చేతుల్లో ఉండదు. మనకి రాత్రి ఒంటిగంటకి పిలుపు వస్తే వెళ్లాలి, పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో కళ్లు తెరిచి ఉండాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లు, అదీ శనివారం రాత్రయితే సరే.

ఒంటరి పోరు దీనికి పూర్తిగా ఎదురు. చవక ఫ్రిగేట్ (చిన్న యుద్ధ ఓడ) ఒకటి తీసుకుని ఫ్యాక్షన్ వార్‌ఫేర్ (ఆటలోని సామ్రాజ్యాల మధ్య యుద్ధం) జరిగే లో-సెక్, అంటే భద్రత తక్కువుండే, సిస్టమ్‌లోకి వెళ్లి, చిన్న కాంప్లెక్స్ అనే పోరు స్థలంలో కూర్చోవడమే. దాని గేటు పెద్ద ఓడల్ని లోపలికి రానివ్వదు, వచ్చేవాడు ఎక్కడ దిగుతాడో ముందే తెలుసు. ఇక్కడే రెండు దారులు చీలతాయి. బ్రాలింగ్ అంటే ఆ దిగే చోటే కూర్చుని, వచ్చీరాగానే స్క్రామ్ (వార్ప్ చేసి, అంటే దూరానికి దూకి, పారిపోకుండా ఆపేది), వెబ్ (వేగం తగ్గించేది) వేసి మీదపడిపోవడం. మెర్లిన్ అనే ఫ్రిగేట్ దీనికి చక్కగా సరిపోతుంది. కైటింగ్ అంటే ఇరవై కిలోమీటర్ల దూరంలో తిరుగుతూ గిల్లడం. ట్రిస్టన్ అనే ఫ్రిగేట్ డ్రోన్లు ఈ పనిలో దిట్ట. టెక్ 2 (మెరుగు రకం) స్క్రామ్ అందేది 9 కిలోమీటర్లే, దూరం నుంచే వార్ప్‌ని ఆపే డిస్‌రప్టర్ 24 దాకా అందుతుంది. కైటర్ బతుకంతా ఈ రెండు అంకెల మధ్యే. తొమ్మిది లోపలికి జారితే స్క్రామ్ తగిలి ఓడ వేగం పెంచే మైక్రోవార్ప్‌డ్రైవ్ ఆగిపోతుంది, ఆపైన పోరాటం అయిపోయినట్టే.

కొత్తవాళ్లు నేర్చుకోవాల్సింది బ్రాలింగే. రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ఓడినా ఎందుకు ఓడామో కనబడుతుంది. కైటింగ్‌లో ఓడితే దూరం తప్పామా, డ్రోన్లు పోయాయా, పారిపోవాల్సిన క్షణం దాటిపోయిందా అన్నది తేల్చుకోలేక జుట్టు పీక్కోవాలి. ఒంటరి పోరుకి ఉన్న లోటు మాత్రం ఒకటే: ఒక్కడే కనిపిస్తాడు, మీరు మీదపడగానే వాడి స్నేహితులు నలుగురు దిగుతారు. సిస్టమ్‌లో ఎవరున్నారో చూపే లోకల్ జాబితా చూసుకోవాలి, దగ్గర్లోని ఓడల్ని చూపే డైరెక్షనల్ స్కానర్ నొక్కుతూనే ఉండాలి. ఆఫీసులో రోజంతా మానిటరింగ్ డాష్‌బోర్డులు చూసి వచ్చినవాడికి ఇది ఒక్కో రోజు విసుగే.

హై-సెక్‌లో, అంటే భద్రత ఎక్కువుండే చోట, సరుకు ఓడల్ని కాపుకాసి పేల్చే గ్యాంకింగ్ కూడా పీవీపీయే అంటారు కొందరు. ఆటలో పోలీసులాంటి కాన్‌కార్డ్ వచ్చి మీ ఓడని ఎలాగూ పేల్చేస్తుంది, ఆలోపు అవతలిది పేలాలి. అది లెక్కల పని. యువెడామా అనే సిస్టమ్ చుట్టూ తిరిగేవాళ్లకి అందులో డబ్బుంటుంది, నాకు మాత్రం పోట్లాట కనబడదు.

నా ఓటు చిన్న గ్యాంగ్‌కి. అయిదుగురు చాలు: పరిగెత్తి పట్టుకునేవాడొకడు, బాగుచేసేవాడొకడు, కొట్టేవాళ్లు ముగ్గురు. మనలాగే తొమ్మిదిన్నరకి లాగిన్ అయ్యే తెలుగువాళ్లు అంతమంది దొరకడం ఈ ఊళ్లో కష్టమేమీ కాదు. ఇందులో ప్రతి ఒక్కరి పనీ తెలుస్తుంది. సిస్టమ్ నుంచి సిస్టమ్‌కి దాటించే గేటు దగ్గర ఉన్నప్పుడు వాయిస్ చాట్‌లో ఇలా వినిపిస్తుంది:

"అన్నా, గేటు దగ్గర ఇద్దరు. ఒకడు వార్ప్ అయిపోయాడు."

"రెండోవాణ్ని పట్టావా?"

"స్క్రామ్ పడింది, వెబ్ కూడా వేశా. తొందరగా రా అన్నా, షీల్డ్ సగం పోయింది!"

ఆ కేక విన్నాక హెడ్‌సెట్‌లో వింటున్న మనవాడికి నిద్ర ఎగిరిపోతుంది. ఫ్లీట్‌లో పేరు కూడా తెలియనివాడు చనిపోతాడు, ఇక్కడ రేపు మధ్యాహ్నం మీతో బిర్యానీ తినాల్సినవాడు చనిపోతున్నాడు. పైగా లో-సెక్‌లో గేటు దగ్గర ముందు మీరు కొడితే గేటు తుపాకులు మీ మీద తిరగబడతాయి, ఫ్రిగేట్లు వాటికి ఎక్కువసేపు నిలవవు. కొడితే అరవై సెకన్ల దాకా గేటు దాటి పారిపోనూ లేరు. కాబట్టి ఎవరు ముందు కొట్టాలి, ఎవరు తట్టుకోగలరు అన్నది మాట్లాడుకోకుండా కుదరదు. ఆ మాటల్లోనే ఆట ఉంది.

ఒక్కటే చికాకు: అయిదుగురూ ఒకేసారి దొరకాలి. ఒకడికి ఆన్‌కాల్ ఉంటుంది, ఇంకొకడు ఊరికి బస్సెక్కేశాడు. అలాంటి రాత్రి గ్యాంగ్ కోసం పదకొండు దాకా కాచుక్కూర్చోకుండా, మెర్లిన్ తీసుకుని ఒక్కరే వెళ్లండి.