లేబుల్ లేని జీడిపూత మందు కొన్నారా? చీకటి పడ్డాక బండి తీయకండి

పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడిపూతకు టీ దోమ (పూత రసం పీల్చే పురుగు) మందు కొనేవాళ్ళు జాగ్రత్త. ఒకచోట పెద్ద డబ్బాలోంచి లేబుల్ లేని సీసాల్లోకి వంచి అమ్ముతున్నారు. బిల్లు అడిగితే "మనోళ్ళకి బిల్లెందుకు" అంటున్నారు. అది కొట్టినవాళ్ళకి పొద్దుగూకేసరికి కళ్ళు మసకలు. హెడ్‌లైట్ డిమ్మయిందని బల్బు మార్పించినా ఫలితం లేదు, లోపం కంట్లో ఉంది మరి.

లక్షణాలు ఆర్గానోఫాస్ఫేట్ అనే జాతి పురుగుమందులవిలా ఉన్నాయి. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ ఈ జాతివే. కండరానికి నరం ఇచ్చే సంకేతాన్ని ఆపేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము, ఇవి దాన్ని పనిచేయనివ్వవు. దాంతో కనుపాపను ముడిచే కండరం బిగుసుకుని వదలదు. చీకట్లో 7 మి.మీ. దాకా విచ్చుకోవాల్సిన పాప 2 దగ్గరే ఆగితే, లోపలికెళ్ళే వెలుతురు 12వ వంతుకి పడిపోతుంది. మధ్యాహ్నం ఎండకి అందరి పాపలూ చిన్నవే కాబట్టి తోటలో తేడా తెలీదు, తీరా బండెక్కాక తెలుస్తుంది. తుంపర ఒక కంట్లోనే పడితే ఆ ఒక్క పాపే ముడుచుకోవచ్చు. రేచీకటి అనుకుని క్యారెట్లు తింటే తగ్గేది కాదిది.

మందు కొట్టినవాళ్ళనీ కొట్టనివాళ్ళనీ నీడగా ఉన్న గదిలో రెండు మూడు నిమిషాలు పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి. కొట్టనివారి పాప విచ్చుకుని, కొట్టినవారిది సూదిమొనలా ఉండిపోతే అది మందు ప్రభావమేనని గట్టిగా అనుమానించాలి. పాప మామూలుగా ఉంటే మాత్రం ఒంట్లోకి మందు పోలేదని ధీమా పడొద్దు. కళ్ళు మంచినీళ్ళతో 15 నిమిషాలు కడగాలి, బట్టలు విప్పేసి సబ్బుతో స్నానం చేయించాలి. చొంగ, చెమటలు, వాంతి, ఆయాసం, కండరాలు అదరడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. విరుగుడు మందు అట్రోపిన్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలన్నది డాక్టరు చూసుకుంటారు.

అసలు చిక్కు అక్కడే. ఏం మందని డాక్టరు అడిగితే లేబుల్ లేని సీసాతో ఏం చెబుతాం? సీలు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, విషతీవ్రత చెప్పే రంగు గుర్తు, విరుగుడు వివరం లేనిది ఎంత చవకైనా ముట్టుకోకండి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇప్పటికే కొన్నవాళ్ళు సీసా పారబోయకుండా మూత బిగించి మండల వ్యవసాయాధికారికి అప్పగించి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.