నాలుగో వరస, మూడో గడి: మూడేళ్లు వాడాక

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపల కొట్టుకి టీవీ మీద రేట్ల బోర్డు చేసిచ్చి మూడేళ్లయింది. బోర్డంటే వెబ్‌పేజీలో ఒక హెచ్‌టీఎంఎల్ టేబుల్, అంతే. చేప పేరు, సైజు, కిలో రేటు. ఓనరు రేటు కొట్టగానే ఆ ఒక్క సెల్, అంటే గడి, మారాలి. లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఏదీ పెట్టలేదు, ఉత్త జావాస్క్రిప్ట్.

ఆ గడిని పట్టుకోవడానికి మొదట వాడింది రోస్ (టేబుల్లోని వరసల జాబితా), సెల్స్ (వరసలోని గడుల జాబితా). నాలుగో వరసలో మూడో గడి కావాలంటే రోస్‌కి 3, సెల్స్‌కి 2 ఇస్తే చాలు, లెక్క సున్నా నుంచి. చదవడానికి హాయిగా ఉంటుంది, వేగానికీ వంక లేదు. కాకపోతే హెడ్డింగ్ వరస కూడా రోస్ లెక్కలోకే వస్తుంది. నేను మర్చిపోయాను. మొదటి రోజే ఫోను: "బాబూ, వంజరం రేటు రొయ్యల కాడికి ఎల్లిపోనాదేటి?" టీబాడీ అంటే టేబుల్లో హెడ్డింగ్ కాకుండా అసలు వరసలుండే భాగం; టీబాడీస్‌లో మొదటిదాన్ని పట్టుకుని దాని రోస్ లెక్కపెట్టాక ఆ గొడవ పోయింది.

తర్వాత క్వెరీసెలెక్టర్‌కి (పేజీలో ఫలానా గుర్తులున్నదాన్ని వెతికిపెట్టేది) మారాను. అందులో ఎన్నోదో చెప్పే ఎన్త్-చైల్డ్ లెక్క ఒకటి నుంచి. ఒకే ఫైల్లో ఒకచోట సున్నా, ఇంకోచోట ఒకటి అంటే రాత్రి పదకొండింటికి బుర్ర పనిచేయదు. పైగా మనం టీబాడీ రాయకపోయినా బ్రౌజరే పెట్టేస్తుంది, అందుకని టేబుల్ కింద నేరుగా టీఆర్ (వరస) కోసం వెతికితే ఏమీ దొరకదు. ఇది తెలియడానికి నాకో సాయంత్రం పట్టింది.

అసలు దెబ్బ ఏప్రిల్ 15న తగిలింది. జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం కదా. ఆ చేపల వరసల్లో సైజు, రేటు గడులు కలిపి, కోల్‌స్పాన్ 2 పెట్టి "వేట లేదు" అని వేశాను. కంటికి వెడల్పు అంతే ఉంది గానీ సెల్స్‌లో ఇప్పుడున్నవి రెండే. మూడోది అడిగితే అన్‌డిఫైన్డ్, అంటే అలాంటిది లేదని. దాని టెక్స్ట్‌కంటెంట్ (గడిలోని రాత) మార్చబోయేసరికి ఎర్రర్, స్క్రిప్టు అక్కడే ఆగిపోయింది. కిందనున్న చెరువు రొయ్యలకి మధ్యాహ్నం దాకా నిన్నటి రేటే. ఆ రోజు టెన్షన్ చెప్పలేను.

అప్పటి నుంచి ప్రతి రేటు గడికీ డేటా యాట్రిబ్యూట్‌లో (ట్యాగ్‌కి మనం తగిలించుకునే గుర్తు) చేప పేరు రాసి, ఆ పేరుతోనే వెతుకుతున్నా. గడి లేకపోతే నల్ (దొరకలేదని) వస్తుంది, అది చూసి స్క్రిప్టు తర్వాతి చేపకి పోతుంది. వరసలు కిందా మీదా చేసినా, మధ్యలో కొత్త చేప దూర్చినా రేటు మళ్లీ తప్పు చోట పడలేదు.

ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌కి (గడి లోపలి హెచ్‌టీఎంఎల్ మొత్తం) ప్లస్-ఈక్వల్స్‌తో ముక్కలు అతికించడం మానేశాను. అలా చేస్తే గడిలోని బటన్ మళ్లీ కొత్తగా పుడుతుంది, పాతదానికి తగిలించిన క్లిక్ పోతుంది. క్లిక్ ఒక్కటే టేబుల్‌కి పెట్టి, నొక్కినచోటు నుంచి పైకి వెతికే క్లోజెస్ట్‌తో టీడీని (గడిని) పట్టుకుంటున్నా. ఇది మాత్రం ఒక్కసారీ మొరాయించలేదు.

ఇప్పుడు ఓనరుగారికి రేటు పెరిగితే ఎర్రగా, తగ్గితే పచ్చగా కావాలట. గడికి స్టైల్ పేర్లు తగిలించే క్లాస్‌లిస్ట్‌తో రెండు లైన్ల పని, చేసిచ్చాను. చందువ ఈ వారమంతా ఎర్రగానే ఉంది.