ఒక పెద్ద ప్రాజెక్టా, నాలుగు చిన్నవా? డిగ్రీ విద్యార్థులకు ఏది మేలు?

సైన్సు చెప్పే తోటి లెక్చరర్లు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇది. మాన్యువల్ చూసి రికార్డు నింపితే పరిశోధన రాదని ఒప్పుకున్నాం, ప్రశ్నా ప్రయోగమూ రెండూ పిల్లలవే కావాలనీ ఒప్పుకున్నాం, మరి సెమిస్టరంతా ఒకే పెద్ద ప్రాజెక్టు ఇవ్వాలా, మూడు నాలుగు చిన్నవి చేయించాలా? నేను రెండేళ్లు మొదటి పద్ధతి నడిపి, పోయినేడాది రెండోదానికి మారాను.

పెద్ద ప్రాజెక్టును తక్కువ చేయను. పేపర్లు చదివే తీరిక ఉంటుంది, ఒకే విషయాన్ని నెలల తరబడి పట్టుకుని ఉండటం అలవాటవుతుంది. చిక్కంతా కాలం ఖర్చయ్యే తీరులో ఉంది. టాపిక్ కుదరడానికి నెల, సామాను సమకూర్చుకోవడానికి ఇంకో నెల, రీడింగులు తీసేది ఆఖరి రెండు వారాల్లో, అదీ ఒక్కసారే. నా దగ్గర ఒక అమ్మాయి, నీళ్లలో వేస్తే నురగతో కరిగే మాత్ర ఏ వేడిలో ఎంతసేపటికి కరుగుతుందో కొలిచింది. మంచి ప్రశ్నే. కానీ ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఒక్క మాత్రే వేసింది. గ్రాఫ్‌లో ఒకచోట గీత పైకి లేచింది. అది నిజమైన మార్పా, ఆ ఒక్క మాత్రలో ఉన్న తేడానా అని అడిగితే చెప్పడానికి రీడింగులే లేవు, రిపోర్టు ఇవ్వాల్సింది మర్నాడు. ‘మానవ తప్పిదం’ అని రాసి ఇచ్చేసింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నేను వేసిన టైమ్‌టేబుల్‌ది.

అప్పటినుంచి నేను చూసేది ఒక్కటే: మొదటిసారి తేడా వచ్చాక రెండోసారి చేసే వ్యవధి ఉందా?

లోలకాన్నే తీసుకోండి. 10 డిగ్రీల నుంచి వదిలినా 20 డిగ్రీల నుంచి వదిలినా ఆవర్తన కాలం (ఒక డోలనానికి, అంటే ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే సమయం) ఒకటేనా అని పిల్లలు కొలుస్తారు. ఒక్క డోలనాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిస్తే ఒకటే అనిపిస్తుంది, ఎందుకంటే అసలు తేడా 0.6 శాతం లోపే, రెండు సెకన్ల లోలకానికి సెకనులో వందో వంతు. మన వేలు అంత కచ్చితంగా నొక్కలేదు. వారం తర్వాత 50 డోలనాలు కలిపి కొలిస్తే ఆ తేడా అర సెకను దాటి, చేతికి దొరుకుతుంది. అప్పుడు ఇంకో ఇబ్బంది బయటపడుతుంది, యాభై పూర్తయ్యేలోపు కోణం తగ్గిపోతోందని, బరువైన గుండు కట్టాలని. ఇవేవీ నేను చెప్పినవి కావు, రెండో విడత, మూడో విడతల్లో వాళ్లే పట్టుకున్నారు. దీనికి ఆధారమూ ఉంది. హోమ్స్, వీమన్, బాన్ అనే ముగ్గురు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, రీడింగులు పోల్చుకుని ప్రయోగాన్ని మెరుగుపరచడం అలవాటు చేసిన విద్యార్థులు, మిగతావాళ్లకంటే 12 రెట్లు ఎక్కువగా తమంతట తామే పద్ధతిని మార్చడానికి పూనుకున్నారు.

చిన్నవాటితో ఈ వ్యవధి దానంతటదే వస్తుంది. టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో మొదలైన, సైన్సు, లెక్కల టీచర్లను తయారుచేసే యూటీచ్ కార్యక్రమంలో పరిశోధన పద్ధతుల కోర్సు కూడా ఇలాంటిదే, సెమిస్టర్‌లో నాలుగు సొంత అన్వేషణలు. లోటు లేకపోలేదు. ప్రశ్నలు పైపైన ఉండిపోతాయి, దిద్దేవాళ్లకు పని మూడింతలవుతుంది. కొత్తవాళ్లను ఊరికే వదిలేస్తే నేర్చుకోలేరని విద్యా పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో రాసిన మాటనూ నేను తీసేయను. అందుకే ప్రతి ప్రశ్ననూ ముందు నేను చూస్తాను. ఏది మారుస్తున్నావు, ఏది కొలుస్తున్నావు, ఎన్నిసార్లు కొలుస్తావు? ఈ మూడింటికీ జవాబు లేనిదే సామాను ముట్టనివ్వను.

ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరడం కూడా మంచిదే, అమెరికాలోని ఎంఐటీలో 1969 నుంచీ ఆ ఏర్పాటు ఉంది, కానీ చాలాచోట్ల సీట్లు కొద్ది, పైగా ప్రశ్న ప్రొఫెసర్‌దై ఉంటుంది. క్లాసంతా కలిసి ఒకే పరిశోధన చేసే కోర్సులూ ఉన్నాయి. 2008లో అమెరికాలో మొదలైన సీ-ఫేజెస్ అనే కార్యక్రమంలో మొదటి, రెండో ఏడాది పిల్లలు మట్టిలోంచి బ్యాక్టీరియాను తినే వైరస్‌లను వేరుచేస్తారు. ల్యాబ్ వసతి ఉన్నవాళ్లకు బాగుంటుంది. పద్ధతుల మీద ఉత్త లెక్చర్లయితే వద్దు.

మీ డిపార్ట్‌మెంట్ ఒక్క పెద్ద ప్రాజెక్టుకే ఒప్పుకుంటే, నాలుగో వారానికల్లా దాని చిన్న నమూనాకు రీడింగులు తీయించి, గ్రాఫ్ కూడా వేయించండి, ఎంత వంకరగా వచ్చినా సరే. చివరి రిపోర్టులో ఆ గ్రాఫ్, తర్వాతి గ్రాఫ్ పక్కపక్కన ఉండాలి, మధ్యలో ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాయాలి. నేను సగం మార్కులు దానికే వేస్తున్నాను.