18 మందికి అని చెప్పి ఇచ్చిన టస్కనీ ఇల్లు: గ్రూపుగా వెళ్ళేవాళ్ళకి హెచ్చరిక

నాలుగైదు కుటుంబాలు కలిసి ఇటలీలో ఒక పాత రాతి ఇల్లు అద్దెకి తీసుకుందాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రకటనలో పూల్ ఫొటో కంటే, సైప్రస్ చెట్ల వరస కంటే ముందు చూడాల్సింది "ఇంతమందికి సరిపోతుంది" అని వేసిన అంకె. ఆ అంకె ఎవరు లెక్కపెట్టారో, దేన్ని లెక్కపెట్టారో ఈమెయిల్లో రాయించుకోనిదే అడ్వాన్సు పంపకండి.

మేం మ్యూనిక్ చుట్టుపక్కల ఉంటాం. బవేరియాలో పెంతెకొస్తు సెలవులు రెండు వారాలు ఉంటాయి కాబట్టి సగం ఊరు బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీకే పోతుంది. ఐదు కుటుంబాలు, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళతో కలిపి మేం సరిగ్గా పద్దెనిమిది మందిమి. టస్కనీ ప్రాంతంలో సియెనా నగరానికి దక్షిణాన, బంకమట్టి గుట్టల మధ్య, "పునరుద్ధరించిన 18వ శతాబ్దపు రైతు ఇల్లు, 18 మందికి" అని ప్రకటన. వారానికి 5,400 యూరోలు. బుక్ చేసే ముందే మా పెద్దవాళ్ళ మోకాళ్ళ సంగతి, ఎంతమందిమో, ఎవరి వయసెంతో అన్నీ రాసి అడిగాం. "ఏ ఇబ్బందీ లేదు, పెద్ద గ్రూపులు మాకు అలవాటే" అని జవాబిచ్చారు. ఆ ఈమెయిల్ ఇప్పటికీ నా దగ్గరుంది.

వెళ్ళి చూస్తే పడకగదులు ఏడు. అంటే పద్నాలుగు మంది. మిగతా నలుగురికి హాల్లో ఒక సోఫా కమ్ బెడ్, నిచ్చెనెక్కితే అటక మీద నేల పరుపు. అటక పైకప్పు ఎంత కిందకుందంటే కూర్చుంటే దూలం తలకి తగులుతుంది. ఏడు గదుల్లో రెండింటికి విడిగా దారి లేదు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలి. మా గుంపులో కొత్తగా పెళ్ళయిన జంటకి దక్కిన గది అలాంటిది. రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే మా అత్తయ్యా మామయ్యా పడుకున్న మంచం పక్కనుంచి పిల్లుల్లా నడవాలి. ప్రకటనలో ప్రతి గదికీ అందమైన ఫొటో ఉంది, ఇంటి ప్లాను మాత్రం లేదు. ఎందుకు లేదో అప్పుడర్థమైంది.

ఆ ఇళ్ళు అలా ఉండడానికి కారణం ఉంది, తెలుసుకుంటే ఫొటోలు చూసేటప్పుడు పనికొస్తుంది. టస్కనీలో, పక్కనున్న ఉంబ్రియాలో ఇవన్నీ ఒకప్పుడు పంటలో సగం భూస్వామికి ఇచ్చే రైతు కుటుంబాల ఇళ్ళు. కింద పశువుల కొట్టం, పైన మనుషులు, పైకెళ్ళడానికి గోడకి ఆనించి బయటివైపు రాతి మెట్లు. 1950, 60ల్లో జనం పట్నాలకి, ఫ్యాక్టరీలకి వెళ్ళిపోయారు. 1964లో ఆ సగం పంట పద్ధతిలో కొత్త ఒప్పందాలు చేయకూడదని చట్టమే వచ్చింది. ఖాళీ పడ్డ ఇళ్ళని తర్వాత ఇంగ్లీషువాళ్ళు, జర్మన్లు, ఇటలీ నగరాలవాళ్ళు కొని బాగుచేశారు. ఆ కాలంలో ఒక్కో ఇంట్లో ఇరవై మంది ఉమ్మడి కుటుంబం ఉండేదన్న మాట నిజమే. కానీ వాళ్ళకి షవర్లు లేవు, ఏసీలు లేవు, డిష్‌వాషర్ లేదు.

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళకి కింది గదులిచ్చారు, అంటే పాత కొట్టం. ఫొటోలో ఇటుక కమానుతో చూడముచ్చటగా ఉంది. లోపల చెమ్మ వాసన, మంచం వెనక గోడ ఉబ్బి తెల్లటి పొడి రాలుతోంది. తరాల తరబడి పశువులు కట్టిన చోట గోడల్లోకి ఇంకిన లవణాలు అలా పైకి తేలుతూనే ఉంటాయట, పైన ఎంత సున్నం కొట్టినా పూర్తిగా పోదట. మా నాన్నకి ఆస్తమా. రెండో రాత్రికే ఆయన్ని పైకి మార్చి, ఇద్దరు కుర్రాళ్ళం కింద పడుకున్నాం. ఆ బయటి మెట్లకి ఒకవైపు రెయిలింగ్ లేదు. మా నాన్న ఎక్కిదిగిన ప్రతిసారీ ఎవరో ఒకరం చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక కరెంటు. ఈ విషయం మన తెలుగు గ్రూపుల్లో ఎవరూ ముందు చెప్పరు. ఇటలీలో మామూలు ఇళ్ళకి కనెక్షన్ 3 కిలోవాట్లు. దాని మీద ఓ పది శాతం వరకు వదులుతారు, ఇంకా పెరిగితే మీటరు దానంతటదే ఆగిపోతుంది. మా ఇంటికి 6 కిలోవాట్లని తర్వాత తెలిసింది. వినడానికి ఎక్కువే. ఇండక్షన్ స్టవ్ మీద రెండు గిన్నెలు, ఓవెన్, డిష్‌వాషర్, రైస్ కుక్కర్, పైన ఏసీలు, బయట పూల్ మోటారు... ఎవరో ఒకరు టీకి కెటిల్ పెట్టగానే ఇల్లంతా చీకటి. ఆ మీటరు ఇంట్లో లేదు, కంకర రోడ్డు దిగి గేటు దగ్గర ఒక పెట్టెలో ఉంది. ఫోన్ టార్చ్ వేసుకుని ఎవరో ఒకరు దిగి వెళ్ళి స్విచ్ వేసి రావాలి. చివరికి వంటయ్యాకే స్నానాలు, స్నానాలయ్యాకే ఏసీ అని వంతులు పెట్టుకున్నాం. దోసెల పిండి రుబ్బేటప్పుడు "ఎవరూ ఏమీ ఆన్ చెయ్యకండి" అని అరుపులు. నవ్వుకున్నాం కానీ, 5,400 యూరోలు కట్టింది దానికి కాదు కదా.

నీళ్ళ గీజరు కూడా అంతే, నలుగురు స్నానం చేసేసరికి చల్లబడిపోయేది. మూడు రోజులకి కింది బాత్రూమ్‌లో నీళ్ళు పోకుండా వెనక్కి రావడం మొదలైంది. ఊరికి దూరంగా ఉన్న ఇళ్ళకి మునిసిపల్ డ్రైనేజీ ఉండదు, సెప్టిక్ ట్యాంకే. పది పన్నెండు మందికి సరిపడే ట్యాంకు మీద పద్దెనిమిది మందిని దింపితే ఏమవుతుంది? ట్యాంకర్ లారీ వచ్చి తోడుకుని పోయింది. ఆ బిల్లు మా డిపాజిట్‌లోంచి కోశారు. కారణం ఏం రాశారో తెలుసా? "అతిథులు ఎక్కువ నూనె వాడే వంటలు చేయడం వల్ల." మేం నూనె సింక్‌లో పోయలేదు, డబ్బాలో పోసి ఆ డబ్బా మేనేజరుకి చూపించి మరీ పడేశాం.

అన్నిటికంటే పెద్ద విషయం పాస్‌పోర్టుల దగ్గర బయటపడింది. ఇటలీలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు దిగిన ప్రతి ఒక్కరి వివరాలూ 24 గంటల్లో పోలీసుల ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మేనేజరు పన్నెండు పాస్‌పోర్టులు తీసుకుని "ఇవి చాలు" అన్నాడు. మిగతావి ఎందుకు వద్దని గట్టిగా అడిగితే, ఇల్లు రిజిస్టర్ అయింది పన్నెండు పడకలకే అని మెల్లగా చెప్పాడు. అంటే ప్రకటనలో ఉన్న 18 అమ్మడానికి వేసిన అంకె, కాగితాల మీదున్నది 12. మీటరు, గీజరు, సెప్టిక్ ట్యాంకు అన్నీ పన్నెండు దగ్గరే ఆగిపోయాయి.

నమోదు కాకపోతే మనకేంటి అనుకోకండి. మా పెద్దవాళ్ళు షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి చెల్లే వీసా) మీద జర్మనీ వచ్చి, అక్కడి నుంచి ఇటలీకి వచ్చారు. అలా ఇంకో షెంగెన్ దేశం నుంచి వచ్చే విదేశీ సందర్శకులు 8 రోజుల్లోగా ఇటలీ పోలీసులకి తాము వచ్చినట్టు తెలియజేయాలి. వసతి గృహంలో దిగితే ఆ ఇంటివాళ్ళు చేసే నమోదే దానికి సరిపోతుంది. వాళ్ళు చెయ్యకపోతే ఆ బాధ్యత మన నెత్తినే ఉంటుంది. గొడవపడి, పెద్దవాళ్ళందరి పేర్లూ ఆ పన్నెండులోకి మార్పించాం. పూల్‌లోనో మెట్ల మీదో ఏదైనా జరిగి, ఇన్సూరెన్సువాళ్ళు ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగితే పరిస్థితి ఏంటో ఊహించుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. పైగా టూరిస్టు పన్ను మాత్రం పద్దెనిమిది మందికీ నగదుగా వసూలు చేశారు, రసీదు లేదు. చిన్నపిల్లలకి చాలా ఊళ్ళలో ఆ పన్నే ఉండదు. వయసు పరిమితి ఆ మునిసిపాలిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూసుకుని వెళ్ళండి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. దుప్పట్లు, తువ్వాళ్ళకి మనిషికింత అని విడిగా, చివరి క్లీనింగ్ విడిగా (అందులో వంటగది కలవదట!), కరెంటు యూనిట్ లెక్కన విడిగా. రాత్రులు చల్లగా ఉండి హీటింగ్ వేస్తే అదీ గ్యాస్ మీటరు లెక్కన విడిగా. ఇవన్నీ ఒప్పందంలో చివరి పేజీలో ఇటాలియన్‌లో ఉన్నాయి, మాకు పంపిన ఇంగ్లీషు కాపీలో లేవు. 1,500 యూరోల డిపాజిట్‌లోంచి ట్యాంకరు బిల్లు, "అదనపు అరుగుదల", కరెంటు అన్నీ తీసేసి మాకు 310 యూరోలు వెనక్కి వేశారు.

మీరు బుక్ చేసే ముందు ఇవి అడగండి. మొదట సీఐఎన్ అనే జాతీయ గుర్తింపు కోడ్. 2025 జనవరి 1 నుంచి టూరిస్టులకి అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ అది ఉండాలి, ప్రకటనలోనూ ఇంటి బయటా కనిపించాలి. కోడ్ తీసుకోకుండా అద్దెకిస్తే 800 నుంచి 8,000 యూరోల దాకా జరిమానా ఉంది. కోడ్ "ఐటీ"తో మొదలవుతుంది, తర్వాతి మూడంకెలు జిల్లావి: సియెనాకి 052, ఫ్లోరెన్స్‌కి 048, పెరూజాకి 054. సియెనా పక్కన అని చెప్పే ఇంటికి ఇంకో జిల్లా అంకెలుంటే అక్కడే ఆగిపోండి. తర్వాత "రిజిస్టర్ అయిన పడకలెన్ని?" అని సూటిగా రాయండి. "ఎంతమంది పడుకోవచ్చు" అని అడిగితే సోఫాలు కూడా లెక్కపెట్టి చెబుతారు. కరెంటు కనెక్షన్ ఎన్ని కిలోవాట్లు, మురుగు ఎక్కడికి పోతుంది, బాత్రూములు ఎన్ని, ఏ గదికి ఏ గదిలోంచి దారి. చేత్తో గీసిన ప్లాను ఫొటో అయినా పంపమనండి. పంపని ఇల్లు వదిలేయండి, టస్కనీలో ఇళ్ళకేం కరువు లేదు. ఆ సీఐఎన్ కోడ్ తెచ్చిన చట్టం కిందే గ్యాస్ లీకు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లు, అంతస్తుకి కనీసం ఒక మంట ఆర్పే సిలిండరు తప్పనిసరి. పాత పొయ్యిలున్న ఇళ్ళలో ఇది మొహమాటపడే విషయం కాదు.

అడ్వాన్సు కట్టేటప్పుడు ఒప్పందంలో దాన్ని ఏమని రాశారో చూడండి. "కపార్ర కన్ఫిర్మతోరియా" అని ఉంటే ఇటలీ సివిల్ కోడ్ 1385వ సెక్షన్ వర్తిస్తుంది. మీరు మాట తప్పితే ఆ డబ్బు పోతుంది, వాళ్ళు తప్పితే రెట్టింపు అడిగే హక్కు మీకుంటుంది. "అకోంటో" అని ఉంటే అది ఉత్త ముందస్తు చెల్లింపు, ఆ రెట్టింపు హక్కు రాదు. డిపాజిట్ మాత్రం ఎవరి ఖాతాలోకి వెళ్తోందో చూసుకోండి. మేం అద్దె డబ్బు ప్రకటన వేసిన ఏజెన్సీకి కట్టాం, డిపాజిట్ ఇంటి యజమానికి. ఇప్పుడు ఏజెన్సీని అడిగితే "డిపాజిట్ మాకు సంబంధం లేదు" అంటోంది, యజమాని "18 అని నేను రాయలేదు, ఏజెన్సీ రాసింది" అంటున్నాడు.

దిగిన గంటలోనే కరెంటు, గ్యాస్ మీటర్ల ఫొటోలు, ప్రతి గోడ, ప్రతి బాత్రూమ్ వీడియో తీసి మేనేజరుకి వాట్సాప్ చేయండి. మా మరదలు తీసిన వీడియోలే ఇప్పుడు మాకు ఆధారం. సమస్య వస్తే అక్కడున్నప్పుడే రాతలో చెప్పండి, ఫోన్లో కాదు.

తిరిగొచ్చాక జర్మనీలోని యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్‌కి రాశాం. వ్యాపార సంస్థల మీద ఫిర్యాదులే వాళ్ళు చూస్తారు, మామూలు వ్యక్తుల మీద కాదు. కాబట్టి ఏజెన్సీ మీద ఫిర్యాదు తీసుకున్నారు, యజమాని విషయం పక్కన పెట్టారు. యజమాని మీద యూరోపియన్ స్మాల్ క్లెయిమ్స్ పద్ధతిలో వెళ్తున్నాం. 5,000 యూరోల లోపు డబ్బు వివాదాలకి అది పనికొస్తుంది, లాయరు తప్పనిసరి కాదు. ఇంటి అద్దె వ్యవహారం, యజమాని ఇటలీలో, మేం జర్మనీలో కాబట్టి వేయాల్సింది మాత్రం ఇటలీ కోర్టులోనే, ఫారం ఇటాలియన్‌లో నింపాలి. మా గుంపులో ఒకరి సహోద్యోగి ఇటాలియనావిడ సాయం చేస్తోంది. ఫారానికి ఆ 18 అన్న ప్రకటన స్క్రీన్‌షాటు, పన్నెండు పాస్‌పోర్టులు చాలన్న వాట్సాప్ మెసేజీ జతచేశాం. ఇదే దారిలో వెళ్ళి డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, కోర్టు ఫీజు ఎంతైంది, ఎన్నాళ్ళు పట్టింది చెప్పండి.